తాతయ్య తుపాకి, మరిగే నీళ్ళు

మొన్నామధ్య నాంపల్లి స్టేషన్లో దిగి బాబాయితో కలిసి అబిడ్స్‌కి నడిచాను. తాతయ్య పోయాక ఆయన లైసెన్సు తుపాకిని అక్కడొక ఆయుధాల షాపులో అప్పగించాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని ఇంట్లో అది ఉండకూడదు, పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో పెట్టాలి. ఇప్పుడు బాబాయి తన పేర లైసెన్సుకి పెట్టుకోవాలా, అమ్మెయ్యాలా అన్నది తేలాలి. "తుప్పు పట్టినదాన్ని ఏం చేసుకుంటాంరా" అని ఆయన వాదన.

షాపాయన బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించి, అప్పుడు చేతికిచ్చాడు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన పాయింట్ 315 అది. చూస్తే పోలీసుల త్రీనాట్‌త్రీ గుర్తొస్తుంది. రావాలి కూడా, లోపలి బోల్టు పద్ధతి అదే లీ ఎన్‌ఫీల్డ్‌ది. తూటా మాత్రం వేరు. సైన్యం తూటా జనం తుపాకిలో పట్టకూడదని తెల్లదొరల నియమం. దొరలు పోయారు, నియమం ఉంది. లెగసీ కోడ్ అంటే ఇదే మరి!

త్రీనాట్‌త్రీ మార్క్ 3, మేం దిగిన నాంపల్లి స్టేషను, రెండూ 1907వే. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ వాళ్ళు అదే డిజైన్ని 7.62 తూటాకి మార్చి 2ఏ1 చేశారు. అవి తర్వాత సర్‌ప్లస్ కింద అమెరికా చేరాయి. హైదరాబాదులో ఉన్నవాడు కొనలేనిది డల్లాస్‌లో గ్రీన్‌కార్డు వచ్చినవాడు కొనుక్కోవచ్చన్నమాట.

షాపాయన గొట్టంలోకి టార్చి వేశాడు. ముందువైపు మెలికల గాళ్ళు బాగానే ఉన్నాయి, తూటా కూర్చునే వైపు నల్లటి గుంటలు. తాతయ్య ఏటా దసరాకి ఆయుధపూజ చేసి నూనె రాసేవాడే, మరి తుప్పెందుకు? పాత తూటాల ప్రైమరులో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది, మన ఉప్పుకి చుట్టమే. గాల్లో తేమ పీల్చి ఇనుముని తినేస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, ఆవకాయ పెట్టే ఇళ్ళలో ఈ ముక్క వేరే చెప్పాలా? అందుకే కాల్చిన రోజే గొట్టంలో మరిగే నీళ్ళు పొయ్యాలి, పొడిగుడ్డ లాగాలి, ఆఖర్న నూనె. ఆ గుడ్డ లాగే తాడునీ, నూనె బుడ్డినీ దాచుకోడానికే త్రీనాట్‌త్రీ బట్ వెనక చిన్న మూత ఉంటుంది. తాతయ్య విషయంలో జరిగింది ఇదేనేమో.

బోల్టు మీద నంబరూ, బాడీ మీద నంబరూ కలిశాయి. ఇది ముఖ్యం. వేరే బోల్టు తగిలిస్తే తూటా వెనక సందు పెరిగి ఇత్తడి తొడుగు చిట్లొచ్చు.

బాబాయి శాండ్‌పేపర్ పెట్టి కొత్తదానిలా చేయించమన్నాడు. షాపాయన ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ ముద్ర, ఏడు, నంబరు అన్నీ ఆ పైపొరలోనే ఉన్నాయి. నంబరు చెరిపితే ఆయుధాల చట్టం కింద నేరం కూడా. చెక్కకి అవిసె నూనె, ఇనుముకి పల్చటి నూనె, అంతే చాలన్నాడు.

బయటికొచ్చి గన్‌ఫౌండ్రీ వైపు నడిచాం. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు. 1798 మార్చిలో ఆయన పోయాడు, అక్టోబర్లో ఇంగ్లీషువాళ్ళు ఆయన సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఇప్పుడది చాలామందికి బస్‌స్టాపు పేరు. బాబాయికి నేను చెప్పేదాకా ఫిరంగుల సంగతే తెలీదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లైసెన్సు ఫారం ఎక్కడిస్తారని అడిగాడు.

పిన్నికి ఇంకా చెప్పలేదు.