లష్కర్‌లో ఉప్పు మాంసం

సికింద్రాబాద్‌లో, మారేడుపల్లిలోనో సైనిక్‌పురిలోనో ఒక చిన్న ఫ్లాటు. పెళ్ళిరోజు సాయంత్రం. బయటికి వెళ్ళి ట్రాఫిక్కులో ఇరుక్కునే ఓపిక లేక ఆలుమగలు ఇంట్లోనే ఉండిపోతారు. కూరలు తరిగే చెక్కను కడిగి తుడిచి, దాని మీద రెండు మూడు రకాల చీజ్ ముక్కలు, పలచగా కోసిన సలామీ, ఒక ద్రాక్ష గుత్తి, గుప్పెడు జీడిపప్పు, ఉప్పు బిస్కెట్లు సర్దుతారు. లైట్లు తగ్గించి, ఇద్దరూ ఒకే చెక్క మీద నుంచి తింటారు. ఫ్రెంచివాళ్ళ మాట అరువు తెచ్చుకుని దీన్ని షార్కుటరీ బోర్డ్ అంటున్నారు. వండిన మాంసం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాటల నుంచి పుట్టిన పేరది. పదిహేనో శతాబ్దం నాటికే పారిస్‌లో పంది మాంసాన్ని ఉప్పేసి, ఉడికించి అమ్మేవాళ్ళకు విడిగా ఒక వృత్తి సంఘం ఉండేది.

పేరు ఈ ఊరికి కొత్తదే. చెక్క మీది సరుకు మాత్రం కాదు. ఉప్పులో ఊరిన మాంసం, గడ్డకట్టిన పాలు సికింద్రాబాద్‌కు రెండు వందల ఏళ్ళ నుంచి తెలుసు. ఉప్పు మాంసం ఇక్కడికి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి బారకాసుల దారి, రెండోది వాడల దారి. మొదటి దాని గురించి పుస్తకాలున్నాయి. రెండోది చాలాకాలం మనుషుల నోళ్ళలోనే బతికింది.

పాతకాలం వాళ్ళు సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అంటారు. ఏటా ఆషాఢంలో లష్కర్ బోనాలు వచ్చినప్పుడు ఆ మాట ఊరంతా వినిపిస్తుంది. లష్కర్ అంటే దండు. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నాక, కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన మకాం వేశాయి. 1806లో మూడో ఆసఫ్ జా అయిన సికందర్ జా పేరు మీద ఆ మకాం సికింద్రాబాద్ అయింది. పటాలాలు మద్రాసు సైన్యానివి. అందుకే ఇక్కడి తెల్ల దొరల వంటిళ్ళ మర్యాదలన్నీ మద్రాసు నుంచే వచ్చాయి. వండేవాడు బట్లరు. అతను దొరసానితో మాట్లాడిన భాషకు బట్లర్ ఇంగ్లీషు అన్న పేరు ఇప్పటికీ చెల్లుతోంది.

తెల్ల సిపాయికి రోజూ పౌను రొట్టె, పౌను మాంసం లెక్కన ఇచ్చేవాళ్ళు. ఆ మాంసం ఏ రోజుది ఆ రోజే. చిక్కంతా ఆఫీసర్ల బంగళాల్లో వచ్చింది. పొద్దున కోసిన మాంసం సాయంత్రానికి వాసనేసే ఎండలు. మద్రాసులో అయితే 1842లో కట్టిన ఐస్ హౌస్ ఉండేది. అమెరికాలో బోస్టన్ దగ్గర చెరువుల మీద పేరుకున్న మంచును కోసి ఓడల్లో తెచ్చి అక్కడ నిలవ చేసేవాళ్ళు. బందరు రేవుకు దాదాపు 350 కిలోమీటర్ల దూరాన, పీఠభూమి మీద ఉన్న లష్కర్‌కు అలాంటి భోగం ఎక్కడిది? ఎడ్లబండి మీద వేస్తే మంచు దారిలోనే నీళ్ళవుతుంది. ఇంట్లో ఉన్నది జాలీ బీరువా ఒక్కటే. దాని నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఆగేవి. ఎండ ఆగేది కాదు.

చీజ్ సంగతి ఇంకా కష్టం. ఓడ ప్రయాణానికి తట్టుకునేవి తడి తక్కువగా ఉండే గట్టి రకాలే. హాలండ్‌వాళ్ళ ఎడమ్ గుండ్రంగా బంతిలా ఉండి, పైన మైనపు పూతతో నెలల తరబడి నిలుస్తుంది. దాన్ని నావికులు అంతగా మోసుకుతిరిగింది అందుకే. మెత్తటి చీజ్ ఏదైనా మన ఎండలో నూనె కక్కుతుంది. రేకు డబ్బా వచ్చాక పరిస్థితి మారింది. మాంసం, చేపలు, వెన్న అన్నీ డబ్బాల్లో సీలై వచ్చాయి. ఆ డబ్బాల మీద ఒక మద్రాసు సైనికాధికారికి చాలా కోపం. ఆర్థర్ కెన్నీ-హెర్బర్ట్ అనే ఆ కర్నల్ ‘వైవర్న్’ అనే కలం పేరుతో పత్రికకు రాసిన వంటల వ్యాసాలు 1878లో ‘క్యులినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్’ పుస్తకంగా వచ్చాయి. చుట్టూ తాజా సరుకు దొరుకుతుంటే, విందు పెట్టినప్పుడల్లా సీమ డబ్బాలు తెరవడం ఏమిటని అతని గోడు. నూట యాభై ఏళ్ళ కిందటి ఆ మాట ఈ రోజుకీ పనికొస్తుంది. ఇప్పుడు చెక్క సర్దేవాళ్ళలోనూ ఖరీదైన దిగుమతి సరుకైతేనే ప్రేమ నిండుగా కనిపిస్తుందనుకునేవాళ్ళు తక్కువేం లేరు.

మంచూ డబ్బా లేని చోట మాంసాన్ని నిలిపింది ఉప్పు, దానితోపాటు సురేకారం. తెలుగులో దానికి ఇంకో పేరు పెట్లుప్పు. పేల్చే మందుల్లో వేసే ఉప్పు కనుక ఆ పేరు. తుపాకి మందులో బొగ్గుపొడి, గంధకంతోపాటు ఉండే మూడో దినుసు ఇదే. బీహారులో పట్నా చుట్టుపక్కల మట్టి నుంచి తీసిన సురేకారం కోసం యూరప్ కంపెనీలన్నీ పోటీ పడ్డాయి. ప్లాసీ యుద్ధం తర్వాత ఆ వ్యాపారం ఈస్టిండియా కంపెనీ గుప్పిట్లోకి వెళ్ళింది. ఫిరంగిలో పేలిన ఆ ఉప్పునే చిటికెడంత మాంసానికి రుద్దితే, ఉడికించాక కూడా ముక్క గులాబీ రంగులో నిలుస్తుంది. బాక్టీరియా సురేకారంలోని నైట్రేటును నైట్రైటుగా మారుస్తుంది. అందులోంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలోని ఎర్రటి ప్రొటీన్‌ను పట్టుకుని రంగు పోనివ్వదు. రంగు ఒక్కటే కాదు. గాలి తగలని చోట పెరిగి ప్రాణం తీసే బొటులిజం క్రిమిని కూడా అదే అణచిపెడుతుంది. మోతాదు మించితే మాత్రం తినేవాడికే ప్రమాదం. ఈ కాలంలో ఇంట్లో చేసుకునేవాళ్ళు తిండి కోసం తూకం కట్టి అమ్మే క్యూరింగ్ సాల్టే వాడాలి. టపాసుల సామాను కొట్లో దొరికేది దీనికి పనికిరాదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. బొంబాయి–మద్రాసు లైనుతో ఊరు కలిసిపోయింది. 1889 నాటికి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. 1893లో లాలాగూడ వర్క్‌షాపు మొదలైంది. రైలుతోపాటు డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మన్‌లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో స్థిరపడ్డాయి. బారకాసుల ఉప్పు మాంసం ఆ ఇళ్ళల్లోకి చేరి పండగ వంటకమైంది. దాన్ని సాల్ట్ బీఫ్ అంటారు, హంటర్ బీఫ్ అని కూడా అంటారు.

చేసే తీరులో ఓపిక తప్ప వేరే రహస్యం లేదు. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు రెండు మూడు కిలోల ముక్క తెస్తారు. ఫోర్కుతో అన్నివైపులా పొడిచి నిమ్మరసం, ఉప్పు, కాస్త బెల్లమో ముడి పంచదారో, చిటికెడు సురేకారం రుద్దుతారు. పింగాణీ గిన్నెలో పెట్టి పైన బరువు ఉంచుతారు. రోజూ తిరగెయ్యాలి, ఊరిన నీటితో మళ్ళీ తడపాలి. వారం పది రోజులకు ముక్క గట్టిపడుతుంది. అప్పుడు ఉడికించి, పూర్తిగా చల్లార్చి, కాగితంలా కోసి, ఆవాల ముద్ద రాసిన రొట్టె మధ్య పెడతారు. ఇంట్లో చేసిన ద్రాక్ష వైను, కల్‌కల్స్, తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లోనూ కనిపించే గులాబీ పువ్వులు పక్కనుంటాయి. 1947 తర్వాత ఆ కుటుంబాల్లో చాలామంది ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా దున్న మాంసంతోనే చేస్తున్నారు.

ఇక పాల వైపు. తెలుగువాళ్ళకు చీజ్ అన్న వస్తువు లేకపోయినా దానికి పెట్టడానికి ఒక మాట ఉంది, జున్ను. తెలుగు బైబిల్‌లో దావీదు తన అన్నల దండుకు మోసుకెళ్ళిన చీజ్‌లు జున్నుగడ్డలయ్యాయి. నిజానికి రెండూ వేరు. ఈనిన గేదె మొదటి రోజుల పాలలో రోగాల నుంచి దూడను కాపాడే ప్రొటీన్లు దండిగా ఉంటాయి. వేడి తగిలితే చాలు, అవి వాటంతటవే గడ్డకడతాయి. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉంచితే జున్ను తయారు. మామూలు పాలు చీజ్ కావాలంటే వాటిని విరగ్గొట్టాలి. పాలు విరిగాయంటే తెలుగింట్లో నష్టం జరిగినట్టే. పిల్లలకు పంచదార కలిపి పెట్టి ఆ నష్టాన్ని పూడ్చుకోవడమే మనకు తెలుసు. పాలను కావాలని విరగ్గొట్టి, నీరు పిండేసి, నెలల తరబడి మాగబెట్టి తినొచ్చన్న ఆలోచన మన పెరుగు గురిగి పక్కన పుట్టలేదు. పెరుగు ఒక్క రాత్రిలో చేతికొస్తుంటే దాని అవసరమూ రాలేదు.

తెల్ల సైనికులకు శుభ్రమైన పాలు, వెన్న అందించడానికి 1889లో అలహాబాద్‌లో మొదటి సైనిక పాడి క్షేత్రం పెట్టారు. తర్వాత చాలా కంటోన్మెంట్లకు అవి విస్తరించాయి. సికింద్రాబాద్‌లోనూ ఒకటి నడిచింది. దేశమంతటా ఆ క్షేత్రాలను 2021లో మూసేసినా, మిలిటరీ డెయిరీ ఫామ్ రోడ్ అన్న పేరు ఇక్కడ మిగిలింది. సామాన్యుల ఇంటికి చీజ్ వచ్చింది మాత్రం గుజరాత్ నుంచి. 1955లో ఆనంద్‌లో పాల కర్మాగారం తెరిచాక అమూల్ సంస్థ గేదె పాలతో చీజ్ చేసి చూపించింది. గేదె పాలలో కేసిన్, కాల్షియం ఎక్కువ. గడ్డ రబ్బరులా బిగుస్తుంది, మాగడం ఆలస్యమవుతుంది. ఆ ఇబ్బందిని దాటడం చిన్న విజయం కాదు. గుండ్రటి రేకు డబ్బాలో వచ్చిన ఆ ప్రాసెస్డ్ చీజ్‌తోనే చాలా మధ్యతరగతి కుటుంబాలు ఆ రుచి చూశాయి. 1996లో పిజ్జా కంపెనీలు దేశంలోకి దిగాక అది పిల్లల తిండిగా మారింది. లాలాపేటలో విజయ డెయిరీ ఉన్న ఊరే అయినా, సికింద్రాబాద్ తనదని చెప్పుకునే చీజ్ ఒకటి పుట్టలేదు. ఆరోవిల్, కొడైకెనాల్, కలింపోంగ్‌లకు ఆ భాగ్యం దక్కింది.

ఉప్పు మాంసం కథ అలా కాదు. అందులో తెలంగాణకు తనదంటూ ఒక సొంత రుచి ఉంది. దాని పేరు ఒట్టి తునకలు. చెప్పవలసినంత గౌరవంగా దాని గురించి ఎవరూ చెప్పలేదు. మాంసాన్ని పొడుగ్గా, సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, కొందరు కారం కూడా అద్ది, దండెం మీద ఎండకు వేలాడదీస్తారు. మూడు నాలుగు రోజుల్లో చెక్కలా ఎండుతాయి. కుండలో దాచుకుంటే నెలల పాటు ఉంటాయి. బక్రీద్ తర్వాత హైదరాబాద్, సికింద్రాబాద్ ముస్లిం ఇళ్ళ మేడల మీద ఆరే సుఖా గోష్త్ కూడా ఇదే పద్ధతి. దళిత వాడల్లో ఇది ఆకలితో ముడిపడిన తిండి. ఊళ్ళో పశువు పడిపోయినప్పుడు వాటాగా వచ్చిన మాంసాన్ని ఒక్క రోజులో తినలేరు, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఎండబెట్టుకున్న తునకలే కూర లేని రోజుల్లో కూరయ్యాయి. చింతచిగురుతో, గోంగూరతో, వంకాయతో వండుకున్నారు. ఆ వాసనను చూపించి మనుషులను దూరం పెట్టిన ఊళ్ళు కూడా ఇవే. తెలుగు దళిత రచయితలు ఆ తిండిని తలెత్తుకుని చెప్పుకోవడానికి అక్షరాలతో పోరాడవలసి వచ్చింది.

పని తీరు చూస్తే బంగళాలో ఊరిన ముక్కకూ వాడలో ఎండిన తునకకూ తేడా చాలా తక్కువ. ఉప్పు చేసే పని రెండింట్లో ఒక్కటే, నీటిని లాగేసి క్రిములకు తడి దొరక్కుండా చెయ్యడం. ఇటలీలో గొడ్డు మాంసాన్ని ఉప్పేసి కొండగాలికి ఆరబెట్టే బ్రెసావొలా, దక్షిణాఫ్రికా బిల్టాంగ్, మన తునక, మూడూ ఒకే ఇంటి పిల్లలు. బ్రెసావొలా పలకలుగా కోసి ప్యాకెట్లో పెడితే ఖరీదైన బహుమతి. తునకలను సీసాలో పెట్టి అమ్మే కొట్టు చాలామందికి కంటపడదు.

అందుకే సికింద్రాబాద్‌లో ప్రేమగా సర్దే చెక్క మీద తునకలకు చోటివ్వడం న్యాయం. సర్దడానికి కొన్ని స్థానిక మెలకువలు కావాలి. పడమటి దేశాల పుస్తకాలు చీజ్‌ను తినడానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి తియ్యమంటాయి. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో పావుగంట చాలు, అంతకు మించితే చెమట పడుతుంది. గట్టి చెడ్డర్ ఒకటి, మెత్తటిది ఒకటి ఉంటే సరిపోతుంది. ఉప్పుకు తోడు తీపి కావాలి. శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఒకప్పుడు తోటలు తోటలుగా కాసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష దొరికితే అంతకంటే మంచి జోడీ లేదు. దొరక్కపోతే ఎండు అంజూరం. కొవ్వును విరిచే పులుపుకు నాలుగు ముక్కలు నిమ్మకాయ ఊరగాయ. ఉప్పు బిస్కెట్ల పక్కన ఉప్పగా తియ్యగా ఉండే ఉస్మానియా బిస్కెట్లు కూడా చెడ్డర్‌తో బాగా కుదురుతాయి. ఆకు, వక్క, సున్నం వెండి పళ్ళెంలో సర్దుకుని ఒకరికొకరు అందించుకునే తాంబూలం ఎరిగిన జంటలకు, చిన్న చిన్న ముక్కలను అలా పంచుకోవడం కొత్తగా నేర్చుకోవలసిన పనేం కాదు.

తునకలను మాత్రం అన్నిటికంటే చివర, ఇద్దరూ కూర్చోబోయే ముందు సిద్ధం చెయ్యాలి. బొగ్గుల మీద, అవి లేకపోతే స్టవ్ మంట మీద పటకారుతో పట్టుకుని అటూ ఇటూ కాలిస్తే కొవ్వు చిటపటలాడి పసుపు వాసన లేస్తుంది. వేడిగా ఉన్నప్పుడే రోట్లో వేసి రోకలితో రెండు దెబ్బలు వేస్తే పీచు విడిపోతుంది. అప్పుడు చేత్తో నారలుగా చీల్చి, పైన నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, చెడ్డర్ ముక్క పక్కన పెట్టాలి.