జీతం నగరానిది.. నియామకం సర్కారుది

నగరపాలక సంస్థ బడ్జెట్ పుస్తకంలో సిబ్బంది జీతభత్యాల పద్దు ముందువరుసలోనే ఉంటుంది. అందులో ఉన్నతాధికారులకు అయ్యే మొత్తం చిన్నదే. అయితే రోడ్డు టెండరు మొదలుకొని ఇంటి ప్లాను దాకా పని తెమిలేది ఆ కొద్దిమంది సంతకాలతోనే. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలన్నది మాత్రం నగరం చేతిలో లేదు.

విశాఖనే తీసుకుందాం. 1979లో నగరపాలక సంస్థగా ఏర్పడి, 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలుపుకొని మహా విశాఖగా మారింది. దీనికి 1955 నాటి హైదరాబాద్ పురపాలక సంస్థల చట్టంలోని నిబంధనలను వర్తింపజేశారు. కమిషనరును నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. పెద్ద నగరాలకు సాధారణంగా ఐఏఎస్ అధికారిని పంపుతారు. జీతం నగరపాలక నిధి నుంచి చెల్లించాలి.

మిగిలిన వారిదీ ఇంచుమించు ఇదే తీరు. ఇంజినీర్లు ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం నుంచి, ప్రణాళికాధికారి పట్టణ ప్రణాళిక శాఖ నుంచి, లెక్కల పరిశీలకుడు ఆడిట్ శాఖ నుంచి, ఆరోగ్యాధికారి వైద్య శాఖ నుంచి వస్తుంటారు. పురపాలక కమిషనర్లలో రెండో గ్రేడు వారిని గ్రూప్-1 ద్వారా, మూడో గ్రేడు వారిని గ్రూప్-2 ద్వారా పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఎంపిక చేస్తుంది. కొత్త పోస్టు కావాలంటే పాలకవర్గం తీర్మానం ఒక్కటే చాలదు. ఆర్థికశాఖ అంగీకారం, ఆపై జీవో తప్పనిసరి.

లెక్క ఇలా..

బడ్జెట్ అంచనాలను కమిషనరు రూపొందిస్తే, స్థాయీ సంఘం పరిశీలించి పాలకవర్గం ముందుంచుతుంది. 2016 జనవరి నుంచి వర్తించిన ఏడో వేతన సంఘం స్కేళ్లలో సెలక్షన్ గ్రేడు ఐఏఎస్ అధికారి మూలవేతనం నెలకు రూ.1,23,100 నుంచి మొదలవుతుంది. అంటే ఏడాదికి రూ.14,77,200. దీనికి కరవు భత్యం, నివాసం, వాహనం తోడవుతాయి. ఇతర శాఖల నుంచి డెప్యుటేషన్‌పై వచ్చిన వారి విషయంలో పింఛను వాటా, సెలవు జీతం వాటా కూడా వాడుకునే సంస్థే మాతృశాఖకు జమ చేయడం రివాజు. అంచనాల్లో తరచూ మరుగున పడేవి ఇవే. బకాయిలుగా పేరుకున్నాకే గుర్తుకొస్తాయి!

ఖాళీ కుర్చీ సంగతి మరీ విచిత్రం. మంజూరైన పోస్టుకు ఏటా కేటాయింపు చూపుతారు. అధికారి రాకపోతే ఆ సొమ్ము సవరించిన అంచనాల్లో వేరే పద్దుకు మళ్లుతుంది. పక్క విభాగం అధికారికి స్వల్ప భత్యంతో పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తారు. కాగితంపై అది పొదుపు. రెండు కుర్చీల ఫైళ్లూ ఒకే బల్లపై చేరి కదలకపోతే ఆ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు.

ప్రశ్నించే సభ లేనప్పుడు ఇది మరింత సులువు. విశాఖలో 2012లో పాలకవర్గం గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లూ ప్రత్యేకాధికారుల పాలనే. అధికారులు తయారుచేసిన బడ్జెట్‌ను ఆమోదించిందీ అధికారే.

పుస్తకం చూసేవారు గత ఏడాది వాస్తవ వ్యయం, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనాలను పక్కపక్కన పెట్టి చూడాలి. కేటాయింపు ఏటా ఉండి ఖర్చు లేని పోస్టు భర్తీ కాలేదని గ్రహించవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి అధికారి, ఉద్యోగి నెలసరి వేతనాన్ని ఎవరూ అడగకుండానే సంస్థ వెల్లడించాలి.