బాంబులు పడని ఊరి యుద్ధం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. జనం పిల్లాపాపలతో పల్లెల దారి పట్టారు. ఆ తరం కోస్తా పిల్లలకు యుద్ధమంటే ఆకాశం నుంచి వచ్చిన ఆపద.

నిజాం ఏలుబడిలోని మా ఉప్పునుంతలలో అప్పుడు పసిపిల్లయిన మా నాయనమ్మకు యుద్ధమంటే లెవీ. తిండికి మిగిలినా మిగలకున్నా గింజలు కొలిచి ఇవ్వవలసిందే. సంస్థానమంతటా ఆ భారం పేదరైతుపైనే పడింది; దేశ్‌ముఖులు పలుకుబడితో తప్పించుకున్నారు.

1943లో తెనాలిలో ఏర్పడిన అభ్యుదయ రచయితల సంఘం ఫాసిజం ప్రమాదాన్ని సరిగానే గుర్తించింది. 1946లో రగిలిన తెలంగాణ పోరాటానికి వెట్టితోపాటు లెవీ కూడా కారణమే. బాంబును ప్రపంచ చరిత్రలోను, లెవీని ప్రాంతీయ చరిత్రలోను విడదీసి బోధిస్తున్నాం. రెండూ ఒకే యుద్ధం ప్రజలపై మోపిన భారాలు. కావున వాటిని కలిపి చెప్పటం మన బాధ్యత.