బాయిలర్ గది ముచ్చట

ఒరే గుంటడా, ఆ ఆస్బెస్టాస్ రేకు ముక్క భోగిమంటలో పడెయ్యకు. కర్రలెయ్యండి, పిడకలెయ్యండి, పాత కుర్చీ ఉంటే అదీ తెచ్చెయ్యండి. అది మటుకు వద్దు. పగలగొట్టకుండా అలా గోడవారగా పెట్టిరా. ఎందుకా? కూచోండి, చెప్తాను.

నేను నేవీలో చేరిన రోజుల్లో పెద్ద ఓడలు చాలామటుకు ఆవిరి మీద నడిచేవి. ఇంగ్లండువాళ్లు కట్టినవే ఎక్కువ. మన పాత విక్రాంత్ కూడా అక్కడిదే. 1961లో బెల్‌ఫాస్ట్‌లో మన జెండా ఎక్కించుకుని వచ్చింది. మీరు సినిమాల్లో చూసే తెల్ల బట్టలూ సెల్యూట్లూ అన్నీ పైన డెక్కు మీద సంగతులు. మా బతుకంతా కింద, బాయిలర్ గదిలో.

ఆవిరి గొట్టానికి చెయ్యి తగిలిందంటే తోలు ఊడొచ్చేది. అందుకని ప్రతి గొట్టానికీ ఆస్బెస్టాస్ కప్పేవారు. లాగింగ్ అనేవాళ్లం. ఆ పొడిని బకెట్లో నీళ్లు పోసి కలిపి, మీ మామ్మ మట్టిగోడ మెత్తినట్టు గొట్టం చుట్టూ మెత్తడం, ఆరాక గుడ్డ చుట్టి కుట్టడం, పైన రంగెయ్యడం. గొట్టాల కీళ్ల మధ్య గాస్కెట్టూ అదే, బాయిలర్ తలుపు చుట్టూ తాడూ అదే, మా చేతులకి గ్లౌజులూ అవే. నిప్పుకి కాలదు, చవగ్గా దొరుకుతుంది. మన కడప జిల్లా పులివెందుల దగ్గరా ఆ రాయి తవ్వేవారు.

కదపకుండా ఉన్నన్నాళ్లూ దాంతో పెద్ద పేచీ లేదు. ఓడ రీఫిట్‌కి, అంటే పెద్ద మరమ్మతుకి, వెళ్లినప్పుడే వచ్చేది అసలు చిక్కు. పాత లాగింగంతా సుత్తులతో కొట్టి రాల్చాలి. గాలాడని గది, పైగా ఉక్క. లైటు వేస్తే దుమ్ము తెల్లగా తేలుతూ కనిపించేది. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని దిగేవాళ్లం, కాసేపటికి ఊపిరాడక అదీ తీసేసేవాళ్లం. ఆ బట్టలతోనే ఇంటికెళితే పెళ్లాలు దులిపి ఉతికేవారు. వాళ్ల ముక్కుల్లోకీ అదే దుమ్ము.

అప్పటికి ఎవరికీ తెలీదా తాతయ్యా, అంటావు. తెలుసు. న్యూయార్క్‌లో సెలికాఫ్ అనే డాక్టరు 1964 నాటికే ఈ లాగింగ్ పనివాళ్ల ఊపిరితిత్తులు ఎలా పాడవుతున్నాయో లెక్కలతో సహా అచ్చేయించాడు. ఆ కబురు మా బాయిలర్ గది దాకా దిగలేదు.

ఈ జబ్బుల పద్ధతే వేరు. ఇవాళ పీల్చిన దానికి రేపు దగ్గురాదు. ఆస్బెస్టాస్ నారలు కంటికి ఆనవు. లోపలికెళ్లి ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు దాటాక లేస్తాయి. ఊపిరితిత్తి గట్టిపడితే ఆస్బెస్టోసిస్, దాని పైపొరకి క్యాన్సరొస్తే మెసోథీలియోమా. అసలు ఊపిరితిత్తికే క్యాన్సర్ రావచ్చు. చుట్టో బీడీయో కాల్చేవాడికి ఆ ముప్పు ఎన్నో రెట్లు.

మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు, శ్రీకాకుళం వైపు. బావా అంటే బావా అనుకునేవాళ్లం. రిటైరయ్యాక ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటూ హాయిగా ఉన్నాడు. పాతికేళ్లు పోయాక ఆయాసం మొదలైంది. టీబీ అన్నారు, మందులు మింగించారు, తగ్గలేదు. సిగరెట్టు తాగుతావా అని అడిగినవాళ్లే గానీ, ఏం ఉద్యోగం చేశావయ్యా అని అడిగినవాళ్లు లేరు. చివరికి ఒక కుర్ర డాక్టరడిగాడు. అప్పుడు బయటపడింది, మెసోథీలియోమా అని.

అక్కణ్ణుంచి కాగితాల యుద్ధం. సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ పనివాళ్ల కేసులో పెద్ద తీర్పిచ్చింది. జబ్బని తేలితే లక్ష రూపాయల పరిహారమివ్వాలంది. పనివాడి ఆరోగ్య రికార్డులు చేరిన నాటి నుంచి నలభై ఏళ్లో, మానేశాక పదిహేనేళ్లో, ఏది ఎక్కువైతే అన్నాళ్లు దాచాలంది. ఎందుకన్నేళ్లో తెలిసిందిగా? కార్మికులకి 1923 నాటి పరిహారపు చట్టం ఉండేది, ఆస్బెస్టోసిస్ ఆ జాబితాలో ఉంది. ఇప్పుడది సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసింది. అయితే ఆ పాత చట్టం యూనిఫాం వేసుకున్నవాడికి వర్తించేది కాదు. ఒకే గదిలో ఒకే దుమ్ము పీల్చినా డాక్‌యార్డు ఫిట్టరు దారి వేరు, మా దారి వేరు.

మా దారి డిజేబిలిటీ పెన్షను. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. బావ అర్జీ మొదట తిరిగొచ్చింది. రిటైరైన ఇన్నేళ్లకి వచ్చిన జబ్బుకి సర్వీసుతో ఏం సంబంధమని రాశారు. మాకు ఊతమైంది 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పిన మాట. చేరేటప్పుడు జబ్బున్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క, కాదని రుజువు చెయ్యాల్సింది సర్కారే, అనుమానముంటే దాని లాభం సిపాయికే. అప్పీలు వేశాం. అదీ కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. ఫలానా ఏడు, ఫలానా రీఫిట్‌లో మాతో కలిసి లాగింగ్ కొట్టాడని బతికున్న జట్టువాళ్లం అఫిడవిట్లు రాసిచ్చాం. ఫైలు కదిలేలోపు మనిషి కదిలిపోయాడు. వాడి పెళ్లాం వదల్లేదు. స్పెషల్ ఫ్యామిలీ పెన్షను సాధించాకే కూచుంది మా చెల్లెమ్మ.

బయటి దేశాల్లోనూ తేలిగ్గా ఇచ్చెయ్యలేదు. 1987 మే కంటే ముందు దుమ్ము పీల్చిన ఇంగ్లండు నావికుడు సర్కారు మీద దావా వెయ్యలేడు. పోరితే పోరితే 2016 నుంచి మెసోథీలియోమా వచ్చినవాళ్లకి ఒకేసారి లక్షా నలభై వేల పౌండ్లు పుచ్చుకునే వీలిచ్చారు. అమెరికాలోనూ సైనికుడు సర్కారు మీద దావాకి వెళ్లలేడు గానీ, వాళ్ల వెటరన్స్ శాఖ నెలనెలా పరిహారమిస్తుంది. పైగా ఆ సరుకమ్మిన కంపెనీల మీద పడొచ్చు. జాన్స్ మాన్‌విల్ అనే కంపెనీ 1982లో ఆ దావాల దెబ్బకే దివాలాకెళ్లింది. ఆనక బాధితుల కోసం ట్రస్టు పెట్టారు. ఎక్కడైనా మొదట అడిగేది ఒకటే: ఏ ఓడ, ఏ పని, ఏ ఏడు?

అందుకే చెప్తున్నాను, చిన్నోడా. షిప్‌యార్డులో అప్రెంటిస్‌వి కదా. ఏ ఓడలో దిగావో, ఏ గదిలో ఏం విప్పావో, పక్కన ఎవరున్నారో తారీఖు వేసి నోటుబుక్కులో రాసుకో. ఏటా తీసే ఎక్స్‌రే కాపీ అడిగి తెచ్చుకో. పాత ఓడ లాగింగ్ విప్పమంటే సరైన మాస్కిచ్చి, ముందు తడిపించాకే దిగుతానని చెప్పు. మేస్త్రీ నవ్వితే నవ్వనీ.