ఎవరిదో తెలియని జమ

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. మాదాపూర్‌లో నాలుగో అంతస్తు ఆఫీసు, రెండు వరసల లైట్లే వెలుగుతున్నాయి. మీరు కుర్చీ లాక్కుని, కాలేజీ ఫీజుల డేటాబేస్ చూసే ఆమె పక్కన కూర్చున్నారు. స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లోంచి గుంటూరు దగ్గరి ఓ కాలేజీ అకౌంటెంటు గొంతు వస్తోంది. "బ్యాంకులో పడ్డదానికంటే మీ రిపోర్టులో వసూలు ఎక్కువ చూపిస్తోందమ్మా. అసలేమీ కట్టనివాళ్ల జాబితా చూస్తే ఖాళీ. పొద్దున తొమ్మిదింటికి బాకీ మెసేజ్‌లు వెళ్లాలి, ఎట్టా?"

ఆమె మొత్తం లెక్క జోలికి పోదు. "తేడా వచ్చిన ఒక్క అడ్మిషన్ నంబరు చెప్పండి సార్" అంటుంది. ఆయన చెబుతారు. ఆ అబ్బాయి కట్టింది రెండు వాయిదాలు, 20,000, 15,000. రిపోర్టులో మాత్రం 70,000.

క్వెరీలోంచి సమ్ తీసేసి, ఆ ఒక్క నంబరుకే వరసలు బయటికి రప్పిస్తుంది. కూడిక తప్పును దాచేస్తుంది, విడి వరసలు దాచలేవు. రెండు ఉండాల్సినచోట నాలుగున్నాయి. 20,000 రెండుసార్లు, 15,000 రెండుసార్లు. మీ చూపు కుడివైపు చివరి కాలమ్ దాకా వెళ్లి ఆగుతుంది. ఒక వరసలో తండ్రి ఫోన్ నంబరు, కింది వరసలో తల్లిది.

"అక్కా, పోయిన నెల ఫోన్లు విడగొట్టింది నేనే" అంటాడు వెనక నిలబడ్డ కుర్రాడు, గొంతు తగ్గించి.

అతను చేసింది మంచి పనే. అంతకుముందు విద్యార్థుల టేబుల్లో ఒకే గడిలో రెండు నంబర్లూ కామా పెట్టి ఇరికించేవారు. ఏ నంబరు వెతకాలన్నా అటూ ఇటూ పర్సెంట్ గుర్తులు పెట్టి లైక్‌తో టేబులంతా తడమాల్సి వచ్చేది. మామూలు ఇండెక్స్ మొదటి అక్షరం నుంచి పేర్చి ఉంటుంది కనుక మధ్యలో దాగినదాన్ని పట్టలేదు. గడికి ఒకే విలువ ఉండాలన్న మాట 1970లో, ఐబీఎంలో పనిచేస్తూ ఎడ్గర్ కాడ్ రాసిన వ్యాసం నాటిది. ఇన్నేళ్లయినా ఆ కామాలు పోలేదు, నన్ను బాధపెట్టేది అదే.

ఫోన్లకు వేరే టేబుల్ వచ్చింది. రిపోర్టు దాన్నీ జాయిన్ చేసుకుంది. వాయిదాకూ ఫోన్‌కూ తమలో తమకు ఏ సంబంధమూ లేదు, అందుకని ప్రతి వాయిదా ప్రతి ఫోన్‌తోనూ జతకట్టింది. ఒక్క నంబరే ఇచ్చిన ఇళ్ల లెక్క సరిగ్గానే ఉంది. అమ్మ నంబరు కూడా ఇచ్చిన ఇళ్ల ఫీజే రెండింతలైంది.

"డిస్టింక్ట్ పెట్టేద్దామా అక్కా?"

ఆమె కసరదు. ఇంకో అడ్మిషన్ నంబరు కొడుతుంది. 20,000 చొప్పున రెండు వాయిదాలు కట్టిన అమ్మాయి. సమ్ లోపల డిస్టింక్ట్ పెడితే 20,000 అనే వస్తుంది. "ఒక వాయిదా మనమే మింగేశాం, చూశావా." సమ్ పక్కన డిస్టింక్ట్ కనిపిస్తే నాకూ అనుమానమే, జాయిన్‌లో ఏదో అర్థంకాక ఎవరో మూత పెట్టారని.

ఆమె ముందు చెల్లింపుల్ని విద్యార్థికొక వరసగా కూడుతుంది. ఫోన్లనూ విద్యార్థికొక వరసగా కలుపుతుంది. ఆ తర్వాతే జాయిన్. ఎంటర్.

"ఇప్పుడు 18,500 తక్కువొస్తోందమ్మా" అంటుంది ఫోన్.

ఏ విద్యార్థితోనూ జతకాని చెల్లింపు కోసం చూస్తే ఒకటి దొరుకుతుంది. అడ్మిషన్ నంబరు గడి నల్. బ్యాంకులో డబ్బు పడింది, ఎవరు వేశారో రాయలేదు. అక్కడ ఖాళీ ఉంచడం తప్పేమీ కాదు, తెలియనిది తెలియనట్టే రాశారు. కానీ కట్టనివాళ్ల జాబితా ఖాళీ అయింది దీనివల్లే. ఆ క్వెరీలో నాట్ ఇన్ ఉంది. కట్టని ఒక్కో విద్యార్థినీ పట్టుకుని, 'చెల్లించినవాళ్లలో ఈ నంబరు లేదు కదా' అని అడుగుతుంది. ఆ ఖాళీ ఈ విద్యార్థిదే కావచ్చు, కాకపోనూవచ్చు. జవాబు అవునూ కాదు, కాదూ కాదు, తెలియదు. వేర్ షరతు అవును అన్నవాళ్లనే బయటికి పంపుతుంది. ఒక్క తెలియని జమ ముందు కాలేజీ మొత్తం తెలియనిదైపోయింది.

నాట్ ఇన్ తీసి నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తుంది. 'ఈ నంబరుతో సరిపోయే చెల్లింపు ఒక్కటైనా ఉందా' అన్నదే దాని ప్రశ్న. నల్ ఎవరితోనూ సరిపోదు, ఎవరికీ అడ్డూ రాదు. పేర్లు వరసగా దిగుతాయి. ఆమె వేలు ఐదో పేరు దగ్గర ఆగుతుంది. రాయితీ పోగా ఆ అమ్మాయి కట్టాల్సింది 18,500.

ఫోన్‌లో కాసేపు కాగితాల చప్పుడు.

"ఆ పిల్లకి మాత్రం మెసేజ్ పంపకమ్మా" అంటారాయన. "పొద్దున్నే వాళ్ల నాన్నకి నేను ఫోన్ చేసి అడుగుతా."