బలరామ్ మనోడా కాదా?



పోయిన వారం మన సంఘం పిలకాయలు ఒక పట్టీ రాసుకుని వచ్చినారు. కొత్త క్యాలెండరుకు నెలకు ఒకరు చొప్పున పన్నెండు మంది తెలుగు ఆటగాళ్ళు. సగానికి పైగా క్రికెట్టు వాళ్ళే, అది మామూలే. ఫుట్‌బాలుకు ఒకే పేరు, తులసీదాస్ బలరామ్. మా పెద్దల్లో ఒకరు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఈ పేరు కొట్టెయ్యండప్పా, ఆయన తమిళాయన" అన్నారు. గుడియాత్తం నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన "సికిందరాబాదులో పుట్టినోడు తమిళాయన ఎట్లా అవుతాడు?" అని అడ్డుకున్నారు. కాఫీలు చల్లారిపోయినాయి గానీ మాట తెగలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాము, ఓపికగా చదవండి.

పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. బలరామ్ 1936లో సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టినారు. అమ్మ పేరు ముత్తమ్మ. ఇంట్లో డబ్బు లేదు, ఆట మీద ఆశ పెట్టుకునే స్థితి అసలే లేదు. కానీ కంటోన్మెంటు ఊర్లంటే మైదానాలు, పట్టాళం టీములు. ఆర్మీ టీములో, ఆ తర్వాత హైదరాబాదు లీగులో రైడర్స్ క్లబ్బు తరఫున ఆడుతుండగా సయ్యద్ అబ్దుల్ రహీం గారి కంట్లో పడినారు.

రహీం సాబు గురించి తెలియని వాళ్ళకు ఒక మాట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిపించిన గురువు ఆయనే. భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. అట్లాంటాయన సంతోష్ ట్రోఫీ శిక్షణకు రమ్మంటే, అమ్ముగూడ నుంచి రోజూ హైదరాబాదు దాకా వచ్చి పోయే స్తోమతు లేదని ఈ పిలగాడు చెప్పినాడు. అద్దె సైకిలుకు డబ్బులు రహీం సాబే ఇచ్చినారు. ఈ సంగతి బలరామ్ ముసలితనంలో కూడా తలుచుకునేవారు. ఒక ముస్లిం గురువు, ఒక తమిళ పిలగాడు, ఒక అద్దె సైకిలు. ఆ హైదరాబాదును తెలుగు అనాలా, ఉర్దూ అనాలా, తమిళం అనాలా? మాకు తెలియలేదు.

ఆ శిక్షణ ఊరికే పోలేదు. 1956-57లో, 1957-58లో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకే వచ్చింది, రెండు జట్లలోనూ ఈయన ఉన్నారు. నడుమ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయి వచ్చినారు. మన దేశం అక్కడ నాలుగో స్థానంలో నిలిచింది. ఈయనకు అప్పటికి ఇరవై ఏళ్ళు.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచింది. అది 1920లో పుట్టిన క్లబ్బు. దేశం చీలినాక తూర్పు బెంగాల్లో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన వాళ్ళు గుండెకు హత్తుకున్న క్లబ్బు. ఊరు పోయిన వాళ్ళకు జట్టే ఊరు. దక్షిణాది ఆటగాళ్ళు ఆ క్లబ్బుకు కొత్త కాదు. ఈయన కంటే ముందు అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, సాలె, అహ్మద్ ఖాన్ అనే ఐదుగురిని అక్కడ పంచపాండవులు అని పిలిచేవారు. అందరూ మన దక్షిణాది వాళ్ళే.

అక్కడ ఈయన ఆడింది ఆరు సీజన్లు. కొట్టిన గోళ్ళు 104. ఇప్పుడు టీవీలో యూరోపు ఆట చూసే మన పిలకాయలకు ఈ లెక్క చిన్నదిగా కనపడవచ్చు. కానీ అప్పట్లో మన దేశంలో మ్యాచి తొంభై నిమిషాలు కాదు, డెబ్బై నిమిషాలే. వానాకాలంలో బురద మైదానం. పైగా ఈయన గోలు ముందర కాచుకుని నిలబడే సెంటర్ ఫార్వర్డు కాదు, ఎడమ పక్క నుంచి, కొంచెం వెనక నుంచి ఆడేవారు. తాను కొట్టింది ఒక లెక్క, పక్కవాళ్ళకు అందించింది ఇంకో లెక్క. ఆ రెండో లెక్క ఎవరూ రాయలేదు.

1958లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు వచ్చింది. 1958-59లో సంతోష్ ట్రోఫీ పోటీలు మద్రాసులో జరిగినాయి. గెలిచింది బెంగాల్, అందులో బలరామ్. తమిళ ఇంట్లో పుట్టి, తెలుగు గడ్డ మీద ఆట నేర్చుకుని, బెంగాల్ చొక్కా వేసుకుని మద్రాసులో కప్పు ఎత్తినాయన. ఆ రోజు గ్యాలరీలో కూర్చున్న వాళ్ళు ఆయన్ను ఏ ఊరోడని చప్పట్లు కొట్టినారో!

1961 ఆయన ఏడాది. ఈస్ట్ బెంగాల్‌కు ఆయనే కెప్టెన్. 1952 తర్వాత ఆ క్లబ్బుకు కలకత్తా లీగు దక్కనే లేదు. తొమ్మిదేళ్ళ కరువు ఆ ఏడు తీరింది. లీగులో అందరికంటే ఎక్కువగా 23 గోళ్ళు కెప్టెనే కొట్టినాడు. షీల్డును మాత్రం మోహన్ బగాన్‌తో పంచుకోవలసి వచ్చింది. 1962లో రోవర్స్ కప్పులో ఇంకో చిత్రం జరిగింది. ఆఖర్న ఈస్ట్ బెంగాల్, ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్లను ఉమ్మడి విజేతలుగా ప్రకటించినారు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అంటే పేరు మారిన ఆ హైదరాబాద్ సిటీ పోలీసే, రహీం సాబు పెంచిన జట్టు. నేర్పిన ఇంటికీ అన్నం పెట్టిన ఇంటికీ కప్పు సగం సగం.

దేశం తరఫున ఆయన ఆట గురించి చాలామంది రాసినారు, మేము పొడిగించము. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి కొట్టినారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టుకు బంగారు పతకం. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్, ఈ ముగ్గురినీ ఒకే ఊపిరిలో తలిచేవారు. 1962లోనే అర్జున అవార్డు కూడా వచ్చింది. తక్కిన ఇద్దరికీ తర్వాత పద్మశ్రీ ఇచ్చినారు. ఈయనకు రాలేదు. ఏ రాష్ట్రమూ మావాడని గట్టిగా అడగలేదని మా అనుమానం. ఇది మా మాటే, రుజువు చూపించమనకండి.

1963లో బి.ఎన్.ఆర్. జట్టుకు మారినారు. మన పాతవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది, వాల్తేరు దాకా పట్టాలున్న బెంగాల్ నాగపూర్ రైల్వే. కంపెనీ పోయినా జట్టుకు ఆ పేరే నిలిచింది. అయితే అక్కడ ఎక్కువ కాలం ఆడలేదు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇరవై ఏడేళ్ళకే ఆట ఆగిపోయింది. అదే ఏడు జూన్‌లో రహీం సాబు క్యాన్సరుతో పోయినారు. జకార్తా బంగారానికి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

తర్వాత ఆయన అమ్ముగూడకు తిరిగి రాలేదు. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో ఉండిపోయినారు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసినారు.

ఇక మన పట్టీ సంగతికి వస్తాము. మన తాతలు ఎప్పుడో ఈ పక్కకు వచ్చినారు. తిరుపత్తూరు, ఆంబూరు, గుడియాత్తం, వేలూరు అంతా మన ఇండ్లే. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, రేషను కార్డు మీద తమిళం. మన పిలగాడు ఎవడైనా రేపు తమిళనాడు జట్టుకు ఆడితే, చెన్నైలో ఎవరో కూర్చుని "వాడి ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పేరు కొట్టెయ్యండి" అంటే మనం ఊరుకుంటామా? సంఘం లెటర్‌ప్యాడు మీద అర్జీ రాయమా? బలరామ్ ఇల్లు మన ఇంటికి అద్దంలో బొమ్మ. అక్కడ తమిళం లోపల, తెలుగు బయట. ఇక్కడ తెలుగు లోపల, తమిళం బయట. ఆయన పేరు కొట్టేసే కలంతో మన పేర్లు కూడా కొట్టెయ్యవచ్చు.

ఈ మాట చెప్పినప్పుడు మా పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపటికి, "సరే, ఏ నెలలో వేస్తారు?" అని అడిగినారు. ఫిబ్రవరి అని రాసుకున్నాము. చిన్న నెల అని ఆయన మళ్ళా గొణిగినారు, అది వేరే సంగతి.

మీ ఇండ్లల్లో సికిందరాబాదులో గానీ కలకత్తాలో గానీ పని చేసిన పెద్దలు ఉంటే, బలరామ్ ఆట కళ్ళారా చూసిన వాళ్ళు ఉంటే, అడిగి రాసి పంపండి. క్యాలెండరు అచ్చుకు ఇచ్చేదానికి ఇంకా టైముంది.