అరవై కార్డులు, తొమ్మిది డెక్‌లు: పోటీ కార్డు ఆటల్లో డెక్ కూర్పుకు కలకత్తా గణాంక సంప్రదాయం ఇచ్చిన పద్ధతి

సేకరణ కార్డు ఆటల పోటీల మీద ముప్పయ్యేళ్లుగా వస్తున్న రాతల్లో ఒక లోపం ఉంది. డెక్ కూర్పు గురించి రాసేవాళ్లు రెండు జట్లుగా నిలబడ్డారు. ఒక జట్టుకు అది అనుభవం, తెగువ, మెటాను (అప్పటికి ఎక్కువమంది ఆడుతున్న డెక్‌ల తీరును) పసిగట్టే నేర్పు. రెండో జట్టుకు అది శుద్ధ సంభావ్యత. ఇద్దరూ ముట్టుకోని ప్రశ్న ఒకటుంది: కూర్చిన డెక్‌ను ఏ పద్ధతిలో పరీక్షించాలి? ఏ ఆటలు, ఎన్ని ఆటలు ఆడితే ఈ కార్డు ఉంచాలి, ఆ కార్డు తీసేయాలి అని చెప్పే హక్కు మనకు వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోనో జపాన్‌లోనో పుట్టలేదు. 1940లలో కలకత్తాలో, చాలామటుకు ఒక తెలుగువాడి చేతిలో తయారైంది. డెక్‌ల గురించి రాసేవాళ్లు ఆ పేరు తలవకపోవడం ఈ వ్యాసానికి ప్రేరణ.

హైదరాబాదులోనూ కోల్‌కతాలోనూ కుర్రాళ్లు పోకెమాన్, మ్యాజిక్ ఆడే బల్లల దగ్గర కూర్చున్నప్పుడు ఒకే దృశ్యం కనిపించింది. స్విస్ రౌండ్‌లో ఓడినవాడు కుర్చీలోంచి లేవకముందే స్లీవుల్లోంచి ఒక సపోర్టర్ కార్డు తీసి, ఇంకో ఎనర్జీ కార్డు దూరుస్తాడు. తర్వాతి రెండు ఆటలు గెలిస్తే ఆ మార్పు వల్లే గెలిచానంటాడు. ఓడితే ఇంకోటి మారుస్తాడు. పక్కనున్న స్నేహితులు తలాడిస్తారు. కోల్‌కతా చేతికి కార్డులు కొత్తవి కావు. శివారు రైళ్లలో రోజూ ఆఫీసులకు వెళ్లేవాళ్లు ఆడే ట్వంటీనైన్ ఒక్కటి చూసినా తెలుస్తుంది. యాభైరెండు కార్డుల్లోంచి ముప్పైరెండు మాత్రమే ఉంచుకుని, జాకీని అందరికంటే పైన కూర్చోబెట్టిన ఆ ఆట, కట్టలో ఏమి ఉండాలి, ఏమి వద్దు అన్న ఆలోచన అక్కడ ఎంత సహజమో చెబుతుంది. లోపం ఆలోచనలో లేదు, పరీక్షలో ఉంది.

మొదటి జట్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జే ష్నైడర్ రూపొందించగా 1996లో పాల్ స్లై ఆడి పేరు తెచ్చిన ఎర్ర డెక్ నుంచి, మైక్ ఫ్లోరెస్ 1999లో రాసిన దాడి-కాపుదల వ్యాసం దాకా, ఆ దారిలో మంచి అంతర్దృష్టులు ఉన్నాయి. అవి సూత్రాలు, కొలతలు కావు. నా వాదం రెండో జట్టుతో, ముఖ్యంగా ఫ్రాంక్ కార్‌స్టెన్‌తో.

కార్‌స్టెన్ డచ్ ఆటగాడు, మ్యాజిక్ ప్రో టూర్ హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యుడు. ఒక రంగు కార్డును సమయానికి వేయాలంటే ఆ రంగు మానా (కార్డు వేయడానికి ఖర్చయ్యే శక్తి) ఇచ్చే వనరులు డెక్‌లో ఎన్ని ఉండాలో ఆయన వేసిన పట్టికలు ఇవాళ ఆటగాళ్లకు పెద్దబాలశిక్ష. అంకగణితంలో తప్పు లేదు. అరవై కార్డుల్లో నాలుగు ప్రతులున్న కార్డు మొదటి ఏడింటిలో కనీసం ఒకటి రావడానికి అవకాశం దాదాపు 40 శాతం. ఎవరు వేసినా అంతే. పోకెమాన్‌లో బేసిక్‌లు ఎనిమిదే పెట్టుకుంటే మొదటి చేతిలో ఒక్కటీ రాక మలిగన్ అయ్యే, అంటే చేతిని మళ్లీ పంచుకోవాల్సిన, అవకాశం 34.6 శాతం, పన్నెండు పెడితే 19.1 శాతం. ఒక్క ప్రతే ఉన్న కార్డు, ఆట మొదట్లో పక్కన మూసిపెట్టే ప్రైజుల్లో చిక్కుకోవడం పదికి ఒకసారి. ఇవన్నీ నిజాలే.

కానీ ఈ లెక్క చెప్పేది కార్డు వస్తుందా రాదా అన్నంతవరకే. వచ్చిన కార్డు గెలిపిస్తుందా అన్నది దానికి అందదు. బేసిక్‌లు ఎనిమిది నుంచి పన్నెండు చేస్తే మలిగన్ బెడద 15 శాతానికి పైగా తగ్గిన మాట నిజం. ఆ నాలుగు స్థానాల కోసం తీసేసిన నాలుగు కార్డులు ఎన్ని గెలుపులు ఇచ్చేవి? హైపర్‌జామెట్రిక్ సూత్రం, అంటే పై అవకాశాలను లెక్కించే సూత్రం, దీనికి నోరు మెదపదు. పట్టికల్లో వాడే దాదాపు 90 శాతం అన్న గీత కూడా పట్టిక వేసినవాడు ఎంచుకున్నదే, ఆట చెప్పింది కాదు. కార్‌స్టెన్ పట్టికను చివరి మాటగా చూపేవాళ్లు డెక్‌ను కార్డుల సంచిగా చూస్తున్నారు. అది ప్రత్యర్థి ఎదుట నిలబడి పనిచేయాల్సిన కూర్పు. దాన్ని కొలవాలంటే ప్రయోగం కావాలి, ప్రయోగానికి రచన కావాలి.

ఇక్కడే కలకత్తా వస్తుంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రెసిడెన్సీ కాలేజీలో మొదలుపెట్టాడు. ఆయన నడిపిన 'సాంఖ్య' పత్రికలో రాజ్‌చంద్ర బోస్ 1938లో లాటిన్ చదరాల (ప్రతి అడ్డవరసలో, నిలువువరసలో ఒక్కో గుర్తు ఒక్కసారే వచ్చే పట్టికల) నిర్మాణానికి గాల్వా క్షేత్రాలనే బీజగణితాన్ని వాడి దారి చూపించాడు. లాటిన్ చదరాలకు పేకముక్కలతో పాత చుట్టరికం ఉందని ఎంతమందికి గుర్తుంది? ఆసు, రాజు, రాణి, జాకీ నాలుగు రంగుల్లో పదహారు ముక్కలు తీసి, ఏ అడ్డవరసలోనూ ఏ నిలువువరసలోనూ రంగుగానీ బొమ్మగానీ రెండోసారి రాకుండా పేర్చమనే చిక్కుప్రశ్న, 18వ శతాబ్దపు తొలి పాదంలోనే ఓజనామ్ అనే గణితజ్ఞుడి వినోద గణిత గ్రంథంలో కనిపిస్తుంది. ఆయిలర్ దాన్ని 1782 నాటి వ్యాసంలో, కొన్ని పరిమాణాల చదరాల్లో ఇలాంటి పేర్పు అసాధ్యమన్న ఊహా సిద్ధాంతంగా మార్చాడు. అప్పటికి అమెరికా చేరిన బోస్, శ్రీఖండే, పార్కర్‌లతో కలిసి 1959లో ఆ ఊహ తప్పని తేల్చాడు. ముక్కలు పేర్చే సరదాలో కనిపించిన గణితం కలకత్తాలో ప్రయోగ రచనకు పనిముట్టయింది. దాన్ని మళ్లీ కార్డుల దగ్గరికే తేవడంలో నాకు ఒక న్యాయం కనిపిస్తుంది.

మొదట్లో చెప్పిన ఆ తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. హడగలిలో 1920లో పుట్టాడు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. అయ్యాక సైనిక సర్వేలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. 1941 జనవరి 1న మహలనోబిస్ సంస్థలో చేరాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1945లో, కలకత్తా మాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన వ్యాసం వచ్చింది. ఇవాళ క్రామర్-రావు హద్దు అంటున్నది అందులోదే. 1946, 1947 వ్యాసాల్లో ఆర్థోగోనల్ అరేలు అనే లంబ వరుసల పట్టికలకు రూపం వచ్చింది. ఈ రెండూ డెక్ కూర్పుకు ఎలా పనికొస్తాయో చూడండి.

మొదట హద్దు సంగతి. ఒక డెక్ నిజ గెలుపు శాతాన్ని ఆడిన ఆటల నుంచి అంచనా వేస్తున్నాం. వంద ఆటలాడితే ఆ అంచనాలో ప్రామాణిక దోషం (అంచనా నిజానికి అటూ ఇటూ ఊగే మేర) దాదాపు ఐదు శాతం. అంటే వందకు యాభైఐదు గెలిచిన డెక్, సగం సగం గెలిచే డెక్ కన్నా మెరుగని ఢంకా బజాయించలేం. దోషాన్ని సగానికి దించాలంటే నాలుగు వందల ఆటలు ఆడాలి. రావు హద్దు చెప్పేదేమంటే, పక్షపాతం లేని అంచనా మార్గం ఏదైనా సరే, అవే ఆటల గెలుపోటముల నుంచి ఇంతకన్నా మంచి ఖచ్చితత్వం పిండలేదు. గెలుపుల నిష్పత్తి ఇప్పటికే ఆ హద్దును తాకి ఉంది. కాబట్టి రెండు మూడు ఆటల మీద తీర్పు చెప్పే అనుభవశాలి ఎంత గొప్పవాడైనా ఆ తీర్పు నిలవదు. మొదటి జట్టుకు ఇది జవాబు.

ఖచ్చితత్వం పిండలేమంటే మిగిలింది ఒకటే దారి: ప్రతి ఆటను ఒకేసారి ఎక్కువ ప్రశ్నలకు పని చేయించడం. అరవై కార్డుల పోకెమాన్ డెక్‌లో నాలుగు సంగతులు తేల్చాలనుకుందాం. బేసిక్‌లు ఎన్ని, ఎనర్జీ ఎంత, సపోర్టర్లు ఎన్ని, డెక్‌లోంచి వెతికి తెచ్చే ఐటమ్‌లు ఎన్ని. ఒక్కోదానికి ఎనిమిది, పది, పన్నెండు అని మూడు మెట్లు. మిగతా స్థానాలు పరిణామ రూపాలతో, ఇతర కార్డులతో నిండుతాయి. అన్ని కలయికలూ పరీక్షిస్తే 81 డెక్‌లు. ఎవరివల్లా కాదు. బల్లల దగ్గర అందరూ చేసేది, ఒక మూల డెక్ పెట్టుకుని ఒక్కో సంగతినీ విడిగా మార్చి చూడటం. దానికి మూల డెక్, ఎనిమిది మార్పులు, వెరసి తొమ్మిది డెక్‌లు.

రావు లంబ వరుసల పట్టిక కూడా తొమ్మిది డెక్‌లే అడుగుతుంది, కానీ వేరే తొమ్మిది. బేసిక్, ఎనర్జీ, సపోర్టర్, ఐటమ్ వరసలో చెబితే: మొదటిది 8-8-8-8, రెండోది 8-10-10-10, మూడోది 8-12-12-12, నాలుగోది 10-8-10-12, ఐదోది 10-10-12-8, ఆరోది 10-12-8-10, ఏడోది 12-8-12-10, ఎనిమిదోది 12-10-8-12, తొమ్మిదోది 12-12-10-8. ఏ రెండు సంగతులు తీసుకున్నా వాటి తొమ్మిది జంటల్లో ప్రతిదీ సరిగ్గా ఒక్కసారి వస్తుంది. పెన్సిలుతో గీసి చూస్తే ఇది మూడు వరసల లంబ లాటిన్ చదరాల జంట అని తెలిసిపోతుంది. ఇంతకన్నా చిన్న పట్టిక కుదరదని చెప్పేదీ రావు సూత్రమే: నాలుగు సంగతులకు మూడేసి మెట్లయితే కనీసం 1 + 4 × 2, అంటే తొమ్మిది డెక్‌లు కావాలి. ఈ పట్టిక ఆ కనీసాన్ని తాకింది.

ఇప్పుడు ఒక్కో డెక్‌తో 45 ఆటలు ఆడిద్దాం: మెటాలో ఉన్న ఐదు ప్రత్యర్థి డెక్‌లతో తొమ్మిదేసి. మొత్తం 405 ఆటలు. ఒక్కోదాన్ని విడిగా మార్చే పద్ధతిలో పది ఎనర్జీలకూ పన్నెండు ఎనర్జీలకూ పోలిక, 45 ఆటలకు 45 ఆటలు. తేడాలో ప్రామాణిక దోషం పదిన్నర శాతం. రావు పట్టికలో పది ఎనర్జీలున్నవి మూడు డెక్‌లు, పన్నెండున్నవి మూడు డెక్‌లు. పోలిక 135కు 135. దోషం ఆరు శాతం. నాలుగు సంగతులకూ ఇదే ఖచ్చితత్వం, అవే ఆటల్లోంచి. విడిగా మార్చే పద్ధతిలో దీన్ని అందుకోవాలంటే 1,215 ఆటలు ఆడాలి. అంటే మూడు రెట్ల శ్రమ. మూడు వారాల్లో టోర్నమెంట్ ఉన్న ఆటగాడికి ఈ తేడా అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

రెండు సంగతులు కలిసినప్పుడు వచ్చే ప్రత్యేక ఫలితం ఈ చిన్న పట్టికలో ఒంటరి ఫలితాలతో కలిసిపోతుందనీ, మొత్తం అరవైకి కట్టుబడాలి కాబట్టి సంగతులు పూర్తిగా స్వతంత్రం కావనీ అభ్యంతరం ఉంది. పెద్ద పట్టికతో, మొత్తం స్థిరంగా ఉండే కూర్పులకు వాడే మిశ్రమ ప్రయోగ రచనతో అది తీరేదే.

ఈ పద్ధతికి బయటి సాక్ష్యం కూడా ఉంది. జపాన్‌కు చెందిన గెనిచి తగుచి 1954-55లో కలకత్తా సంస్థకు ఆహ్వాన ఆచార్యుడిగా వచ్చాడు. తర్వాత జపాన్ పరిశ్రమల్లో ఆయన నడిపిన నాణ్యతా ప్రయోగాలకు ఈ లంబ పట్టికలే పనిముట్లు. కారు భాగాల కొలతలు తేల్చిన పట్టిక కార్డుల కొలతలు తేల్చలేదంటే నేను ఒప్పుకోను. మ్యాజిక్‌ను 1993లో తెచ్చిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ కూడా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ విల్ఫ్ దగ్గర సంయోజన గణితంలోనే డాక్టరేట్ చేశాడు. ఆట పుట్టిన గణితమూ, ఆటను పరీక్షించే గణితమూ ఒకే కుటుంబానివి. డెక్ కూర్పు శాస్త్రమైతే దాని మొదటి బడి కలకత్తాయే, కార్‌స్టెన్ పట్టికలు అందులో ఒక పాఠం మాత్రమే. నెట్‌డెక్కింగ్ (ఇంటర్నెట్‌లో దొరికిన డెక్‌ను అలాగే ఆడటం) మీద జరిగే రచ్చ కూడా దీనితో తీరుతుంది. ఒకరి డెక్‌ను ఎత్తుకోవడం తప్పు కాదు, పరీక్షించకుండా ఎత్తుకోవడమే తప్పు.

రావు 2023 ఆగస్టులో కన్నుమూశాడు. అదే ఏడాది ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. మన పత్రికలు ఆయనను సన్మానాల జాబితాగా తలచుకున్నాయి, పనిముట్లు ఇచ్చినవాడిగా తలచుకోలేదు. మన విశ్వవిద్యాలయాల గణాంక శాఖలకూ, కార్డులు ఆడే విద్యార్థులకూ నా విజ్ఞప్తి ఇది. పైన చెప్పిన తొమ్మిది డెక్‌లు కూర్చండి. పదిమంది కూడి, ఎవరు ఏ డెక్ ఆడాలో చీటీలు వేసుకోండి. ప్రతి ఆట ఫలితాన్నీ, ఎవరు ముందు ఆడారో, ఎన్ని మలిగన్లు అయ్యాయో అప్పటికప్పుడు రాయండి. 405 ఆటలకు ఒక్కొక్కరి వంతు 81, ఆటకు ఇరవై నిమిషాలు వేసుకుంటే 27 గంటలు. ఒక సెమిస్టర్ శనివారాలు సరిపోతాయి.